ఇస్తారి జేబులో చక్కెర లేని చాక్లెట్లు

ఇస్తారి సంగతి చెప్పాలంటే ముందు ద్రాక్షపళ్ళ సంగతి చెప్పాలి. నవ్వకండి, నేను ఏది చెప్పినా ఇలా పక్కదారి నుంచే వస్తాను. ముప్పై ఏళ్ళు పిల్లలకు తెలుగు పాఠం చెప్పిన నోరు మరి.

తొంభైల్లో మేడ్చల్ నుంచి శామీర్‌పేట దాకా ఎటు చూసినా ద్రాక్ష పందిళ్ళే. కోతలొచ్చాయంటే మా జిల్లా పరిషత్ బడిలో సగం బెంచీలు ఖాళీ. పిల్లలంతా తోటల్లో గంపలు మోస్తుండేవాళ్ళు. ఆ పళ్ళు లారీకెక్కించుకుని బొంబాయికి తోలుకుపోయేవాడు ఇస్తారి. బుర్ర మీసాలు, భుజం మీద ఎర్ర తువ్వాలు, నవ్వితే పక్కనుంచి మెరిసే వెండి పన్ను. స్టీరింగు ఒక చేత్తో, ద్రాక్ష గుత్తి ఇంకో చేత్తో.

"ఏం ఇస్తారీ, లోడంతా నువ్వే తినేట్టున్నావే?" అని ఒకసారి అడిగాను.

"బండి సేటుది, పండు పటేలుది. నోరొక్కటే నాది గద టీచరమ్మా!" అన్నాడు. అన్నాక ఒక గుత్తి నా చేతిలో పెట్టి పోయాడు. నేనూ తిన్నాను. ఎందుకు అబద్ధం చెప్పడం, చాలా బాగుంది.

తీపంటే ఆయనకు ప్రాణం. చాయ్‌లో చక్కెర కలపడు, చక్కెరలో చాయ్ పోయించుకుంటాడు అని ఆయన భార్య బాలనర్సమ్మ దెప్పేది. ఒక్కగానొక్క కూతురు స్రవంతి నా దగ్గరే చదివింది. చేతిరాత ముత్యాలు, నోరు మాత్రం మిరపకాయ. పదో తరగతి అయ్యాక ఇంటర్ చదివి, మేడ్చల్‌లో ఒక మందుల దుకాణంలో పనికి కుదిరింది.

రెండువేల సంవత్సరం దాటేసరికి బోర్లు ఎండిపోయాయి. పందిళ్ళు పీకేసి ప్లాట్లు కొట్టారు. లారీకి లోడు లేదు. అప్పుడే తూంకుంట వైపు ప్రైవేటు బడులు లేచాయి. ఒక బడి కరస్పాండెంటు చక్రపాణి పసుపుపచ్చ బస్సు కొని, దానికి ఇస్తారిని డ్రైవరుగా పెట్టుకున్నాడు. నేనూ అదే బడిలో చేరాను. రిటైరయ్యాక ఇంట్లో కూర్చుంటే నా మాటలు వినలేక గోడలకు బీటలు పడుతున్నాయి. మా ఆయన అన్నమాట అది, నాది కాదు.

బస్సు మేడ్చల్‌లో బయలుదేరి, శామీర్‌పేట చెరువు కట్ట మీదుగా, కరీంనగర్ రోడ్డెక్కి తూంకుంటకు పోతుంది. డ్రైవరు వెనక సీటు నాది. తలుపు దగ్గర ఆయా దుర్గాబాయి. మిగిలినదంతా పిల్లలు, సంచులు, గోల.

ఒకరోజు పొద్దున కట్ట రాకముందే ఇస్తారి బస్సు పక్కకు ఆపాడు. "టైరు జూస్త" అని దిగాడు. టైరు వైపు చూడనే లేదు. బస్సు వెనక్కి పోయి, తడబడే వేళ్ళతో జేబులోంచి నిమ్మకాయ చాక్లెట్లు తీసి కరకర నమిలాడు. నేను ఊరుకునేదాన్నా? దిగి వెనకాలే వెళ్ళాను. చలికాలం పొద్దు, ఆయన మొహం మాత్రం నీళ్ళు కుమ్మరించినట్టు తడిసిపోయి ఉంది. కాసేపటికి చెమట ఆరింది. చూపు నిలిచింది.

"ఏమైంది?"

"ఎవ్వలకు జెప్పకు టీచరమ్మా. నాకు షుగరొచ్చింది. గోలీలు మింగుతున్న. గోలి ఏస్కొని జల్దీ తినకపోతే నెత్తుర్ల సక్కెర కిందికి వడిపోతదట. గట్లయితే చేతులు వణుకుతయ్, సెమట వడ్తది, ఇంకా పడితే మెదడు పనిజెయ్యదట. గప్పుడు తియ్యటిది ఏదన్న నోట్లేస్కోమని డాక్టర్ సాబ్ జెప్పిండు. ఏస్కున్న. అయిపాయె."

"బస్సు నడుపుతుండగా మెదడు పనిచేయకపోతే?"

ఆయన కట్ట వైపు చూశాడు. ఒక పక్క రోడ్డు, ఒక పక్క వాలు, వాలు కింద నీళ్ళు.

"గందుకే గద జేబు నింపుకొని తిరుగుడు."

"బడిలో చెప్పు."

"జెప్తే చక్రపాణి సార్ ఉంచుకుంటడా? లారీలు లేవు, తోటలు లేవు. గీ వయసుల నేనేం జెయ్యాలె?"

ఇంట్లో షుగరు ఉందని తెలుసు, ఈ వణుకుల సంగతి తెలియదు. తెలిస్తే స్రవంతి స్టీరింగు ముట్టనివ్వదని ఆయన భయం. అంటే సంగతేమిటంటే, ఆ బస్సునిండా ఉన్న పిల్లలకూ చెరువు నీళ్ళకూ మధ్య ఉన్న అడ్డం ఇస్తారి చొక్కా జేబు ఒక్కటే. దాంట్లో గుప్పెడు నిమ్మకాయ చాక్లెట్లు.

తర్వాతి వేసవిలో ఆ జేబు స్రవంతి కంటబడింది. బట్టలు ఉతుకుతుంటే చాక్లెట్ కాయితాలు బయటపడ్డాయి. ఆ పొద్దు నేను వాళ్ళింటికి చింతకాయ పచ్చడి ఇవ్వడానికి వెళ్ళాను. సరిగ్గా గొడవ మధ్యలోకి.

"టీచర్, మీరే జెప్పుండ్రి. గోలి మింగుడు ఒకదిక్కు, చాక్లెట్లు నమలుడు ఒకదిక్కు! నేను దుకాణంల పొద్దంత షుగరోళ్ళకు మందులిస్త. నా ఇంట్ల గీ దొంగ!"

"సిన్నపోరని లెక్క దాస్కొని తింటున్నవా?" అని బాలనర్సమ్మ వంటింట్లోంచి అందుకుంది. "మీసాలున్నయ్ గని సిగ్గు లేదు."

ఇస్తారి నా మొహం చూశాడు. నేను పచ్చడి సీసా చూశాను. నిజం చెబితే ఉద్యోగం పోతుంది. దొంగ అనిపించుకుంటే ఒక పూట తిట్లతో పోతుంది. ఆయన దొంగగానే ఉండిపోయాడు.

మర్నాడు స్రవంతి దుకాణం నుంచి ఒక డబ్బా తెచ్చింది. అప్పుడప్పుడే వస్తున్నాయి అవి, షుగరు ఉన్నవాళ్ళ కోసం చక్కెర లేకుండా చేసిన చాక్లెట్లు. అవీ నిమ్మకాయవే, అవీ పచ్చరంగువే.

"గిండ్ల సక్కెర లేదు నాయిన. నీకు నోరూరినప్పుడు గివ్వి తిను. ఇంక నిన్నేమన్న అంటే అడుగు."

ఆయన ఒకటి చప్పరించి చూశాడు. "అరె, అచ్చం గట్లనే ఉంది బిడ్డా! మస్తు తియ్యగుంది." బస్సులో నాకూ ఒకటి ఇచ్చాడు. "చూడు టీచరమ్మా, దునియ ఎంత ముంగటికి వోయిందో. సక్కెర పెరగదు, తీపికి తీపి. వణుకొస్తే గివ్వే ఏస్కుంట. ఇంట్ల లొల్లి లేదు, రోగానికి మంచిది." పాత చాక్లెట్లన్నీ ఆరోజే పిల్లలకు పంచేశాడు. పిల్లలు ఈలలు వేశారు.

ఇక్కడ ఒక పాఠం చెప్పాలి, తప్పదు. ఇది నాకు తర్వాత ఒక డాక్టరు చెప్పినదే. మీకు ముందే చెబుతున్నాను.

మన చిన్నపేగు గోడను బడి గేటు అనుకోండి. మామూలు చక్కెర అక్కడికి చేరగానే రెండు ముక్కలవుతుంది. ఆ ముక్కలు అక్కడి కాపలావాళ్ళకు బాగా తెలిసిన పిల్లలు. చేయి పట్టుకుని చకచకా లోపలికి లాక్కుంటారు. పది, పదిహేను నిమిషాల్లో అవి నెత్తురులో ఉంటాయి, నెత్తురు నుంచి మెదడుకు. కానీ ఆ కొత్త చాక్లెట్లలో ఉన్నది సార్బిటాల్ అనే తీపి. నాలుక దాన్ని చూసి 'చక్కెర వచ్చింది' అంటుంది. పేగు దగ్గర కాపలావాళ్ళకు మాత్రం దాని మొహం తెలియదు. గేటు సందుల్లోంచి కొంత కొంత, నెమ్మదిగా జారుతుంది. ఆ జారినదాన్ని కూడా కాలేయం తీరిగ్గా మార్చుకోవాలి. మిగిలినదంతా బయటే ఉండి, నీళ్ళను తన వైపు లాక్కుంటూ పెద్దపేగుకు పోతుంది. అక్కడ సూక్ష్మజీవులు దాన్ని పులియబెట్టి గ్యాసు చేస్తాయి. పడిపోయిన చక్కెరను అప్పటికప్పుడు లేపే బలం దానికి లేదు.

అంటే ఇస్తారి జేబులో ఉన్నది ఇప్పుడు ఉత్త రుచి మాత్రమే.

నాలుగు రోజులు కాకముందే ఆయన పొట్ట మాట్లాడటం మొదలుపెట్టింది. బస్సు ఇంజను శబ్దాన్ని దాటి నాకు వినపడేది. "టీచర్, బస్సుకు రెండు ఇంజన్లున్నాయి!" అని వెనకనుంచి పిల్లలు. నేను కోప్పడబోయి నవ్వేశాను. కానీ దారిలో బస్సు ఆపి తుమ్మ చెట్ల వెనక్కి పరుగెత్తడం ఎక్కువైంది.

"వేడి జేసింది. గంతే" అన్నాడు.

"డాక్టరుకు చూపించు."

"వేడికి డాక్టరేంది? పొద్దున రొట్టె బంద్ వెట్టిన. గింత సల్ల దాగి బండెక్కుతున్న. కడుపు ఖాళీగుంటే దార్ల పరేషాన్ లేదు."

"మరి గోలి?"

"గోలి మానొద్దన్నరు గద. అది ఏస్కుంటనే ఉన్న."

అలా అల్లుకుపోయింది అంతా. చాక్లెట్లు పొట్ట చెడగొట్టాయి. పొట్ట చెడిందని తిండి మానేశాడు. తిండి లేకుండా గోలి మింగుతున్నాడు. గోలి చక్కెరను కిందికి తోస్తోంది. అది పడితే లేపుతాయని మళ్ళీ ఆ చాక్లెట్లనే నమ్ముకున్నాడు. అన్నాళ్ళూ పెద్ద వణుకు రాలేదు. వచ్చిన చిన్న చిన్నవి, తూంకుంట చేరి దుర్గాబాయి ఇచ్చే చక్కెర చాయ్ తాగితే పోయేవి. ఆయన మాత్రం చాక్లెట్లే తగ్గించాయనుకున్నాడు.

శ్రావణమాసం వచ్చింది. ఆ ఏడు వానలు బాగా పడ్డాయి, చెరువు కట్ట అంచుకొచ్చింది. నీళ్ళ రంగు ఎర్రగా ఉండేది.

శ్రావణ శనివారాలు ఇస్తారి ఇంట్లో అందరూ ఒక్కపొద్దు ఉంటారు. పొద్దుగూకి దీపం పెట్టాక ఒకే పూట భోజనం. వాళ్ళ నాయన కాలం నుంచి ఉన్న పద్ధతి. లారీ మీద బొంబాయిలో ఉన్నా ఆయన తప్పలేదు. ఆ శనివారం బడి మధ్యాహ్నానికే వదిలారు. బస్సెక్కుతూ అడిగాను.

"ఏమైనా తిన్నావా?"

"ఇయ్యాల ఒక్కపొద్దు గద టీచరమ్మా. సల్ల గూడ ముట్టలే. చాయ్ గూడ తాగలే."

"గోలి?"

"గోలి తిండెట్లయితది? నీళ్ళతోని ఏస్కున్న."

జేబులో చాక్లెట్లున్నాయి కదా అని నేనూ ఎక్కి కూర్చున్నాను.

కరీంనగర్ రోడ్డు దిగి కట్ట వైపు తిరిగేటప్పుడు బస్సు ఎడమకు ఒరిగినట్టు అనిపించింది. మళ్ళీ సర్దుకుంది. అద్దంలో ఇస్తారి మొహం కనిపించింది. మెడ మీద చెమట ధారగా కారుతోంది. జేబులోంచి ఒక చాక్లెట్ తీసి నోట్లో వేసుకున్నాడు. ఇంకొకటి. నమిలే శబ్దం, కాయితం నలిగే శబ్దం.

"ఇస్తారీ, ఆపు బండి."

"తగ్గుతది. ఇప్పుడు తగ్గుతది."

ఇంకో రెండు వేసుకున్నాడు. బుగ్గలు ఉబ్బిపోయాయి. బస్సు ముందంతా తీపి వాసన. బస్సు కట్ట మీదికొచ్చింది. వెనక పిల్లలు అంత్యాక్షరి పాడుతున్నారు. నేను ఊరికే కూర్చునే మనిషిని కాదు, ఆయనను మాటల్లో పెడదామని, "స్రవంతికి సంబంధాలు చూస్తున్నారా?" అన్నాను.

"తాడు బిగించు" అన్నాడు.

"ఏంటీ?"

"వాన వడ్తాంది. టార్పాలిన్ తాడు బిగించు. పండు తడిస్తే సేటు సంపుతడు."

ఆయన బొంబాయి రోడ్డు మీద ఉన్నాడు. మేము శామీర్‌పేట కట్ట మీద ఉన్నాం. బస్సు నీళ్ళ వైపు రాళ్ళను రాసుకుంటూ పోతోంది. కిటికీలోంచి చూస్తే కింద రోడ్డు లేదు, ఎర్ర నీళ్ళే.

"ఇస్తారీ! పిల్లలున్నారు! ఇది బడి బస్సు!"

ఏ మూలనో ఆ మాట తగిలింది. బ్రేకు మీద కాలు పడింది. బస్సు ఒక్క కుదుపుతో ఆగింది, పిల్లలు ఒకరి మీద ఒకరు పడ్డారు. ఆయన చేతి బ్రేకు లాగి, ఇంజను ఆపి, తాళంచెవి పీకి దుర్గాబాయి వైపు చాచాడు.

"దుర్గక్కా, గిది వట్టుకో. నేనడిగినా గియ్యకు. కాళ్ళు మొక్కినా గియ్యకు."

"ఏందయ్యా, ఏమైంది నీకు?"

ఆయన సీటులో వెనక్కి వాలి ఇంకో చాక్లెట్ నోట్లో పెట్టుకున్నాడు. కాసేపటికి లేచాడు. అప్పుడు ఆ కళ్ళు మా ఇస్తారివి కావు.

"తాళం ఇయ్యి."

"ఇయ్య."

"ఇయ్యే! పొద్దుగాల్ల బొంబాయి జేరాలె! పండు మురుగుతాంది!"

"కల్లు గిట్ల తాగినవా ఏంది?" అంది దుర్గాబాయి. తాళంచెవి రొండిలో దోపుకుని, కొంగు బిగించి, తలుపుకు అడ్డంగా నిలబడింది. "నువ్వే జెప్పినవ్ ఇయ్యొద్దని. నరికినా ఇయ్య."

ఆయన ఆమె భుజం పట్టి గుంజాడు. పిల్లలు ఏడుపందుకున్నారు. ఆమె కదలలేదు. ఆయన బలం అప్పటికే సగం పోయింది. మెట్ల మీద కూలబడ్డాడు. "గివ్వి తింటే తగ్గుతదని ఇందాకనే అన్నడు" అని దుర్గాబాయే ఆయన జేబులోంచి మిగిలినవి తీసి ఒక్కొక్కటే పెట్టింది. పెట్టినవి నోట్లోనే ఉండిపోయాయి. నమలడం ఆగిపోయింది. పెదాల పక్కనుంచి పచ్చటి తీపి చొంగ కారుతోంది.

దారిన పోయే జీపు ఒకటి ఆపి, నేనూ ఆ జీపు మనిషీ ఇస్తారిని ఎత్తి అందులో పడేశాం. దుర్గాబాయి పిల్లలతో బస్సులోనే ఉండిపోయింది, తర్వాత చక్రపాణి ఆటోలు పంపి వాళ్ళను ఇళ్ళకు చేర్చాడు. శామీర్‌పేట నర్సింగ్‌హోమ్‌లో డాక్టరు వేలు గుచ్చి చూసి, వెంటనే నరంలోకి గ్లూకోజు ఎక్కించాడు. సూది ఉండగానే ఇస్తారి కళ్ళు తెరిచాడు. నేను దేవుళ్ళందరి పేర్లూ చెప్పాను, కొన్ని రెండుసార్లు.

"ఏం తిన్నాడు?" అని అడిగాడు డాక్టరు.

"జేబునిండా చాక్లెట్లు తిన్నాడండీ. అయినా ఇలా."

ఆయన ఇస్తారి జేబులోంచి చాక్లెట్ కాయితం ఒకటి తీసి, విప్పి చదివాడు. అప్పుడే చెప్పాడు, నేను మీకు ముందే చెప్పిన గేటు పాఠం. చెప్పి, "ఆయన అసలు చక్కెర నాలుగు చెంచాలు తిని ఉంటే మీరు ఇక్కడికి వచ్చేవాళ్ళే కాదు. గోలి ఇంకా ఒంట్లోనే ఉంది, మళ్ళీ పడిపోవచ్చు. రేపటిదాకా పంపను" అన్నాడు.

తలుపు దగ్గర స్రవంతి నిలబడి ఉంది. దుకాణానికి ఫోన్ చేయించాను గానీ, ఎప్పుడొచ్చిందో చూడలేదు. అంతా విన్నది.

"అవ్వి నేనే ఇచ్చిన నాయినా."

"నీకెట్ల ఎరుక బిడ్డా? వణుకుతాందని నీకు నేను జెప్తే గద."

"ఎందుకు జెప్పలే?"

"జెప్తే బండి దిగుమంటవని."

"అవు. అంటుండె." ఆ పిల్ల మంచం పక్కన కింద కూర్చుంది. బాలనర్సమ్మ వచ్చి, ఒక్కపొద్దు విడవకుండానే గ్లూకోజు ఎక్కించారని ఏడ్చింది. ఆ తర్వాత దేనికి ఏడుస్తున్నదో ఆమెకే తెలియలేదు.

ఆదివారం చక్రపాణి బత్తాయిలు పట్టుకుని వచ్చాడు.

"పేరెంట్స్‌కు గ్యాస్ ట్రబుల్ అని జెప్పిన. నువ్వు గూడ గదే జెప్పు. సోమారం నిమ్మళంగ వచ్చి బండెక్కు. ఇప్పటికిప్పుడు నాకు డ్రైవర్ యాడ దొర్కుతడు?"

ఇస్తారి కప్పు వైపు చూస్తూ పడుకున్నాడు. నిజం చెప్పనా, ఉద్యోగం దానంతట అదే నడిచి వచ్చి మంచం మీద కూర్చుంది. ఆయన అవునంటే చాలు. ఆయన అవునంటాడేమోనని నేను బత్తాయిలు లెక్కపెడుతూ కూర్చున్నాను.

"చూస్త సార్" అన్నాడు.

సోమవారం పొద్దున మేడ్చల్ స్టాపు దగ్గర తల్లులంతా నిలబడి ఉన్నారు. కొత్త కాలనీ నుంచి వచ్చిన లలితకుమారి తన కొడుకు నాగసాయి చొక్కా గుండీ సరిచేస్తోంది. కోస్తా నుంచి వచ్చిన కుటుంబం, భర్తది బ్యాంకు ఉద్యోగం. బస్సు రాలేదు. ఇస్తారి నడిచి వచ్చాడు.

"ఇయ్యాల బండి రాదమ్మా. నేను తోల."

"ఒంట్లో ఎలా ఉందండీ? గ్యాస్ అన్నారు కదా?" అంది లలితకుమారి.

"గ్యాస్ గాదు. నాకు షుగరుంది. సక్కెర పడిపోతే నాకు సోయి ఉండది. శనారం కట్ట మీద గట్లనే అయింది. ఇంతకు ముంగట గూడ అయింది. మీకెవ్వలకు జెప్పలే."

నాగసాయి చొక్కా మీద ఆమె చేయి అలాగే ఆగింది.

"ఇంతకు ముందు కూడానా? మా పిల్లల్ని ఎక్కించుకునా?"

"అవునమ్మా."

"మీకు మనసెలా ఒప్పిందండీ? మీకూ ఒక ఆడపిల్ల ఉందే! ఒక్క మాట చెబితే మేమేమన్నా నోట్లో మట్టి కొడతామా?"

"కొడ్తరనే అనుకున్న" అన్నాడు ఇస్తారి.

ఆమె కొడుకు రెక్క పట్టుకుని ఆటో కోసం రోడ్డు దాటింది. మిగిలినవాళ్ళూ కదిలారు. మాట దాచనందుకు ఎవరూ మెచ్చుకోలేదు. ఆయన కూడా అందుకు నిలబడలేదు. "పోత టీచరమ్మా" అని శామీర్‌పేట రోడ్డు పట్టుకున్నాడు. ఆ తర్వాత ఇస్తారి మళ్ళీ స్టీరింగు పట్టలేదు. ఒక ప్లాట్ల వెంచరులో కాపలాకు కుదిరాడు. డాక్టరు గోలి మార్చాడు, ఒక్కపొద్దు బాలనర్సమ్మ మాన్పించింది.

రెండ్రోజుల్లో బస్సు వచ్చింది. డ్రైవరు సీట్లో కొత్తాయన, ఎక్కడివాడో, కళ్ళు ఎర్రగా ఉన్నాయి. పిల్లల్ని ఎక్కించే ముందు లలితకుమారి కిటికీ దగ్గరికి పోయి అడిగింది.

"మీకు షుగరు గానీ, ఫిట్స్ గానీ ఏమన్నా ఉన్నాయా అండీ?"

"ఏం లేవు మేడం" అన్నాడు ఆయన, రోడ్డు మీంచి చూపు తిప్పకుండా.

అడిగి ఉంటే ఇస్తారి కూడా అదే అనేవాడు. నాగసాయి ఎక్కాడు, దుర్గాబాయి తలుపు వేసింది. నేను డ్రైవరు వెనక సీట్లోనే కూర్చున్నాను. కట్ట దాటేదాకా ఒక్క మాట మాట్లాడలేదు.